సెల్లార్‌లో 12 అడుగుల అక్వేరియం కట్టమంటారా?

ప్రశ్న: అన్నా, మాది కర్నూలు, కల్లూరు వైపు సొంతిల్లు. కింద 20 బై 30 సెల్లార్ ఉంది. బండ్లు పెట్టుకోగా సగం ఖాళీ. ఇంట్లో మూడడుగుల ట్యాంకు ఆరేళ్లుగా నడుపుతున్నా. ఇప్పుడు సెల్లార్‌లో 12 అడుగుల పొడవు, 4 వెడల్పు, 4 ఎత్తుతో సొంతంగా పెద్దది కట్టాలని ఉంది. ప్లైవుడ్‌తో పెట్టె చేసి, లోపల ఫైబర్ పూత వేసి, ముందు ఒకే పెద్ద అద్దం పెడితే చాలని వీడియోల్లో చూశా. అద్దాల షాపు ఆయన 12 ఎంఎం టఫెండ్ సరిపోతుంది అంటున్నాడు. రెడ్ టెయిల్ క్యాట్‌ఫిష్, అరపైమా, షార్కులు లాంటి పెద్ద చేపలు పెంచాలని ఆశ. నా భార్య కరెంటు బిల్లు, నీళ్లు అని గొడవ. అమ్మేమో వాస్తు అంటుంది. కట్టమంటావా, వద్దంటావా?

జవాబు: కట్టు తమ్ముడూ. కానీ ఆ కొలతలతో వద్దు, ప్లైవుడ్‌తో వద్దు, ఆ చేపలతో అసలే వద్దు. ఇంకొకటి, ఇంత పెద్ద ఉత్తరం రాసి అసలైన ప్రశ్న ఒక్కటి మర్చిపోయావు: సెల్లార్ అంటే వీధి కాలువ కన్నా కిందుంటుంది కదా, వారం వారం తీసే పాత నీళ్లు ఎటు పోవాలి? ట్యాంకు కట్టడానికి మేస్త్రీలు దొరుకుతారు. ఇది తేల్చుకోకుండా కడితే మాత్రం ఏడాదిలో అందులో పాత సామాన్లు పడేసుకుంటావు.

ముందు ఎత్తు సంగతి. అందరూ వెడల్పు పెరిగితే అద్దం మీద ఒత్తిడి పెరుగుతుందనుకుంటారు, అది కాదు. అద్దాన్ని బయటికి తోసేది నీటి లోతే. వెనకాల రెండడుగుల నీళ్లున్నా ఇరవై అడుగుల నీళ్లున్నా అద్దానికి తేడా తెలీదు, లోతు మారితే మాత్రం వెంటనే తెలుస్తుంది, అదీ మామూలుగా కాదు, లోతు రెట్టింపయితే తోపు నాలుగు రెట్లవుతుంది. నీ లెక్కనే చూడు: 12 అడుగుల ముఖం, 4 అడుగుల లోతు అంటే ఆ ఒక్క వైపు మీద పడే తోపు దాదాపు 2,700 కిలోలు. అదే లోతు రెండున్నర అడుగులకు దించితే 1,060 కిలోలు. నీళ్లు 5,400 లీటర్ల నుంచి 3,400కు తగ్గుతాయి, తోపు మాత్రం సగం కన్నా కిందికి దిగిపోయింది. నీళ్లు తగ్గాయని మనసు పీకితే వెడల్పు 5 అడుగులు చెయ్యి, 4,200 లీటర్లు దాటుతాయి, అద్దం మీద ఒక్క కిలో కూడా పెరగదు. చేపకు కూడా ఈదడానికి, తిరగడానికి పొడవూ వెడల్పే కావాలి. ఎత్తు కావలసింది చూసే మనకే.

ఇంకో మాట, చెయ్యి. అడుగున ఒక రాయి పడిపోతే తియ్యాలి, పాచి గీకాలి. భుజం దాకా ముంచినా మనిషి చెయ్యి రెండున్నర అడుగులు దాటి పోదు. నాలుగడుగుల ట్యాంకు అయితే ప్రతిసారీ చడ్డీ వేసుకుని లోపలికి దిగాల్సిందే. మొదటి నెల సరదాగానే ఉంటుందిలే.

ప్లైవుడ్ విషయం. చలిదేశాల్లో పొడిగా ఉండే సెల్లార్లలో దాంతో బాగానే కడుతున్నారు, కాదనను. మన దగ్గర చెమ్మ, చెదలు రెండూ కలిసొస్తాయి. పూతలో ఎక్కడో ఒక గీత పడిందంటే లోపలి చెక్క ఉబ్బడం నీకు బయటికి కనపడదు, కనపడే రోజుకు కట్టె మెత్తబడి ఉంటుంది. ఆర్‌సీసీ కట్టించు. మనూళ్లో సంపు కట్టే మేస్త్రీలకు కొదవ లేదు, అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా విను. సంపు భూమిలో ఉంటుంది. లోపలి నీళ్లు గోడను బయటికి తోస్తుంటే బయటి మట్టి ఎదురు నిలబడుతుంది. నీ ట్యాంకు సెల్లార్ మధ్యలో నిలబడుతుంది, దాని గోడ వెనక ఏ మట్టీ లేదు. అందుకని "సంపులు వంద కట్టినా సార్" అనే మేస్త్రీ అనుభవం ఇక్కడ సగమే పనికొస్తుంది. ఇటుక కట్టుబడికి ఒప్పుకోకు. ఆరంగుళాల ఆర్‌సీసీ గోడ, నాలుగు పక్కలా తిరిగే పైబీము, రాడ్ల లెక్క మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరుతో కాగితం మీద గీయించుకో. ఆయనకిచ్చే ఫీజు నీ అద్దం ఖరీదు ముందు లెక్కలోకి రాదు.

బరువు గురించి భయపడకు. పై అంతస్తులో కడతానని ఉంటే వద్దనేవాణ్ణి. ఇళ్ల స్లాబులు మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల వాడకం బరువు లెక్కన డిజైన్ చేస్తారు, రెండున్నర అడుగుల నీళ్లే 760 కిలోలు. సెల్లార్ నేల భూమి మీదే కూర్చుంటుంది కాబట్టి ఇల్లు మొత్తంలో దీనికి తగిన చోటు అదే. అయితే కింద ఉన్నది నల్లరేగడి అయితే వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది, అది మన నేల గుణం. పునాదులప్పుడు ఏ మట్టి వచ్చిందో నీకు గుర్తుండే ఉంటుంది. రేగడి మీద పలచగా కాంక్రీటు పోసి టైల్స్ వేసి ఉంటే, ట్యాంకు కింద మేరకు పగలగొట్టి, రేగడి కొంత లోతు తీసేసి, గ్రావెల్ దిమ్మిస కొట్టి, జాలీతో ఆరంగుళాల కాంక్రీటు కొత్తగా పోయించు. ఇంటి గోడకు ఆనించొద్దు. చుట్టూ మనిషి నడిచేంత, కనీసం రెండడుగులు, సందు వదులు, లేకపోతే వెనక చెమ్మ వచ్చినా చూడలేవు.

ఇప్పుడు అద్దం. 12 అడుగుల ఒకే పలక ఆశ మానుకో. 19 ఎంఎంలో 12 బై 4 పలక 200 కిలోలు దాటుతుంది, దాన్ని ర్యాంపు మీద దించి లోపల తిప్పడం కూలీల ప్రాణం మీదికి తెచ్చే పని. దానికి బదులు ముందు గోడలో రెండు కిటికీలు వదిలించు, ఒక్కొక్కటి 5 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తు. మధ్యలో అడుగు స్తంభం, రెండు చివర్లా ఆరేసి అంగుళాలు. కింద నాలుగంగుళాల కట్ట ఉంచు, ఇసుక అంచు దాని వెనక దాక్కుంటుంది. పైన బీము రెండంగుళాలు నీళ్లలోకి దిగేలా ఉంటే నీటి మట్టం కూడా కనపడదు, చూసేవాడికి నీళ్లు పైకి ఎంతున్నాయో అర్థం కాదు. ఖరీదైన అక్వేరియాల్లో వాడే కిటుకు అదే.

షాపు ఆయన చెప్పిన 12 ఎంఎం టఫెండ్ నీ నాలుగడుగుల లెక్కకు చాలదు, మాట్లాడాల్సిన పనే లేదు. నాలుగు అంచులూ కాంక్రీటులో ఆనే రెండడుగుల కిటికీకి మాత్రం రెండు 10 ఎంఎం టఫెండ్ పలకల్ని మధ్యలో పొర పెట్టి అతికించిన లామినేటెడ్ చేయించు. ఒంటి టఫెండ్ పగిలితే ఒకేసారి మొత్తం మొరుసై రాలిపోతుంది, మూడు టన్నుల నీళ్లు ఒక్క క్షణంలో బయట ఉంటాయి. లామినేటెడ్‌లో ఒక పలక పోయినా రెండోది ఆపుతుంది, నీళ్లు తోడుకునే టైము దొరుకుతుంది. ఒక్కో అద్దం 58 కిలోల దాకా వస్తుంది, ఇద్దరు మోస్తారు. టఫెండ్ చేశాక కొయ్యడం కుదరదు కాబట్టి కిటికీ కట్టి పూత అయ్యాక కొలిచి అప్పుడు ఆర్డరివ్వు, ప్లాన్ కాగితం చూసి కాదు.

బిగించేటప్పుడు నువ్వు దగ్గరుండు. అద్దాల పనివాళ్లకు కిటికీ అద్దం బయట నుంచి పెట్టడం అలవాటు. ఇక్కడ లోపల నుంచి పెట్టాలి, నీళ్లే అద్దాన్ని గోడకు అదిమిపట్టేలా. బయట నుంచి పెడితే అద్దాన్ని పట్టుకునేది సిలికాన్ ఒక్కటే. కిటికీ కన్నా అద్దం నాలుగు వైపులా రెండేసి అంగుళాలు పెద్దదిగా ఉండాలి. ఆ రెండంగుళాల అంచు మీద సిలికాన్ లావుగా, ఎక్కడా తెగకుండా పరిచి, అక్కడక్కడా మూడు ఎంఎం మందం రబ్బరు ముక్కలు పెట్టి అద్దం ఆనించాలి. ఆ ముక్కలు లేకపోతే గట్టిగా అదిమేసి సిలికాన్ మొత్తం పక్కలకు కార్చేస్తారు, అద్దం రాయి మీద రాయిలా కూర్చుంటుంది, మొదటి లీకు అక్కడే. బాత్రూం సిలికాన్ వద్దు, బూజు పట్టకుండా అందులో మందు కలుపుతారు, చేపలు చస్తాయి. వెనిగర్ వాసన వచ్చే రకం అద్దానికీ అద్దానికీ మంచిదే కానీ కాంక్రీటుకు సరిగా పట్టదు, న్యూట్రల్ రకం అడుగు, అక్వేరియానికి పనికొస్తుందని ట్యూబు మీద రాసి ఉండాలి. లామినేటెడ్ అంచుల్లో ఆ మధ్య పొరకు నీళ్లు తగలకుండా అంచు చుట్టూ కూడా పూయించు. తర్వాత రెండు వారాలు ఎవరూ ముట్టుకోవద్దు.

వరస తప్పొద్దు: కాంక్రీటు 28 రోజులు తడపడం, బాగా ఆరడం, తాగునీటి ట్యాంకులకు వాడే ఎపాక్సీ పూత, ఆ తర్వాతే అద్దం. సిమెంటు పచ్చిగా ఉంటే నీళ్లలోకి సున్నం దిగి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం కొలత) పదికి పైన పోతుంది. పూత వేసినా సరే రెండు మూడుసార్లు నింపి, నాలుగు రోజులుంచి, పారబోసి, పీహెచ్ చూసుకో. మొదటిసారి నింపేటప్పుడు రోజుకు అర అడుగు చొప్పున పెంచు. మట్టం తగ్గింది, లీకా, ఆవిరా అని టెన్షన్ వస్తుంది చూడు, అప్పుడు పక్కనే ఒక వెడల్పు టబ్బులో నీళ్లు పోసి రెండింటికీ మార్కరుతో గీత పెట్టు. రెండూ ఒకేలా తగ్గితే ఆవిరి. ట్యాంకు ఒక్కటే తగ్గితే టార్చి తీసుకుని వంగు.

ఇక నేను మొదట్లో అడిగిన ప్రశ్న. వారానికి ఐదో వంతు నీళ్లు మార్చాలి, అంటే 700 లీటర్ల దాకా. బకెట్లతో మెట్లెక్కి పోస్తానంటావేమో, నెల తిరక్కుండా మానేస్తావు, నీళ్లు మార్చడం మానేసిన రోజు నుంచి చేపల చావు మొదలు. నేల పోసేటప్పుడే ట్యాంకు దగ్గరి ఒక మూలకు వాటం పెట్టి, ఆ మూలలో రెండడుగుల బై రెండడుగుల గుంట తీసి, ఫ్లోటు ఉన్న చిన్న సబ్‌మెర్సిబుల్ పెట్టు. అక్కడ నుంచి పైపు పెరట్లోకి. ఆ నీళ్లు చెట్లకు ఎరువే, చేపల మలం చివరికి నైట్రేటుగా మారి అందులోనే ఉంటుంది. కొబ్బరి, కరివేపాకు, అరటి ఏదుంటే దానికి మళ్లించు. నీళ్ల గురించి మరదలు అడిగినదానికి నా దగ్గరున్న జవాబు ఇదే: ఎలాగూ మొక్కలకు పోసే నీళ్లు ఒకసారి చేపల్లోంచి వెళ్తాయి. మొక్కలు లేని ఇల్లయితే మాత్రం ఆమె మాటే రైటు, ఎండాకాలం ట్యాంకరు కొనుక్కునే వీధిలో వారానికి 700 లీటర్లు కాలువలో పోయడం ఏం బాగుంటుంది?

ట్యాంకు మొత్తం లీకైపోతే ఇల్లు మునుగుతుందని భయపెట్టేవాళ్లుంటారు. లెక్క వేసి చూడు, 3,400 లీటర్లు నీ 600 చదరపు అడుగుల సెల్లార్‌లో పరుచుకుంటే రెండున్నర అంగుళాల ఎత్తు కూడా ఉండదు. బైకు టైరు కూడా మునగదు. ప్రమాదం ఆ రెండున్నర అంగుళాల్లో కరెంటు ఉండటం. కింద పెట్టిన ఇన్వర్టర్ బ్యాటరీ, నేలబారుగా వేలాడే ఎక్స్‌టెన్షన్ బాక్సు, అవి చంపుతాయి. అందుకని ఈ ట్యాంకుకు వేరే లైను లాగించి, కరెంటు లీకయితే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ పెట్టించు, ఎర్తింగ్ మీటరుతో చూపించమను, ప్లగ్గులన్నీ నాలుగడుగుల పైన గోడకు. పంపు వైరు ప్లగ్గులోకి వెళ్లేముందు కిందికి ఒక వంపు తిరిగి మళ్లీ పైకి పోవాలి, వైరు మీద జారే నీటిచుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. లోపల చెయ్యి పెట్టే ముందు స్విచ్చి ఆఫ్, ఎంత అర్జెంటయినా సరే.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరిమీద పడ్డ రోజు నీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు మీ వీధికి నీళ్లొచ్చాయా అని పాతవాళ్లను అడుగు. వచ్చి ఉంటే సెల్లార్‌లో ఇంత డబ్బు పెట్టొద్దు, పైన వరండాలో నేల మీద చిన్నది కట్టుకో. ఇది నీ డబ్బు గురించి మాత్రమే కాదు, నీ చేపలు వరదతో పాటు హంద్రీలోకి పోతాయి. సక్కర్ చేపలు ఇట్లాగే అక్వేరియాల నుంచి బయటపడి చెరువుల రైతులకు తలనొప్పి అయ్యాయి, దెయ్యం చేప అని పేరు పెట్టారు. విసుగొచ్చిందనో, పెరిగిపోయిందనో ఏ చేపనూ కేసీ కెనాల్లో వదలొద్దు.

ఫిల్టరుకు వస్తే, గంటకు నాలుగుసార్లయినా నీళ్లన్నీ తిరగాలి, అంటే 13,600 లీటర్లు. ఒక పెద్ద పంపు వద్దు, ఏడువేల లీటర్లవి రెండు పెట్టు, ఒకటి కాలినా రెండోది నడుస్తుంటుంది. రెండూ కలిపి 120 వాట్లు అనుకుంటే రోజుకు మూడు యూనిట్ల లోపు, నెలకు 85, 90 యూనిట్లు. లైట్లతో కలిపి బిల్లు స్లాబు మారే అవకాశం ఉంది, ఇంట్లో ముందే చెప్పు, బిల్లు వచ్చాక కాదు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ఎయిర్ పంపు ఒక్కటి నడిస్తే చాలు. ఏప్రిల్, మేలో ఇది మరీ ముఖ్యం, నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. సెల్లార్ చల్లదనం ఇక్కడ నీకు కలిసొస్తుంది, పైన 43 డిగ్రీలున్నా కింద అంత ఉండదు, చలికాలం హీటరు అవసరమూ రాకపోవచ్చు. ఎగ్జాస్ట్ ఫ్యాను మాత్రం తప్పదు, లేకపోతే ఆవిరంతా స్లాబుకు పట్టి కొన్నేళ్లలో రాడ్లు తుప్పు పట్టి స్లాబు పెచ్చులూడుతుంది. పైన మూత కూడా పెట్టు, ఆవిరీ తగ్గుతుంది, దూకే చేపా ఆగుతుంది.

నీళ్లు పోయగానే చేపలు వెయ్యకూడదని ఆరేళ్ల అనుభవం ఉన్నవాడివి, నీకు తెలుసు. అమ్మోనియాను తినే బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. నీకున్న లాభం ఏమిటంటే పాత ట్యాంకు ఫిల్టరు స్పాంజి తెచ్చి కొత్తదాంట్లో వేస్తే ఆ టైము తగ్గుతుంది. అయినా చేపల్ని నాలుగైదు విడతలుగా వెయ్యి. కార్పొరేషన్ నీళ్లయితే క్లోరిన్‌ను పోగొట్టడానికి హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, వాడు. ఆవిరైన మేరకు పోసే నీళ్లకు ఆర్‌ఓ మంచి నీళ్లు గానీ వాన నీళ్లు గానీ వాడు, బోరు నీళ్లే పోస్తూ పోతే ఉప్పు పేరుకుంటూ పోతుంది. ఆర్‌ఓ మెషిను వదిలేసే వేస్టు నీళ్లు పోద్దామని మాత్రం తెలివి చూపించకు, అందులో ఉప్పు ఇంకా ఎక్కువ.

చేపలు. షాపులో మూడంగుళాలున్నప్పుడు షార్క్ అని అమ్మేది పంగాసియస్ తమ్ముడూ, గోదావరి జిల్లాల చెరువుల్లో పెంచి లారీల్లో పంపేది అదే. మూడడుగులు దాటుతుంది, పిరికిది, లైటు వేస్తే బెదిరి అద్దానికి గుద్దుకుంటుంది. రెడ్ టెయిల్ కూడా మూడడుగుల పైనే, నోట్లో పట్టిన ప్రతిదాన్నీ మింగుతుంది, తోటి చేపల్తో సహా. అరపైమా రెండు మీటర్లు దాటే చేప, 12 అడుగుల తొట్టిలో దాన్ని పెట్టడం గేదెను లిఫ్టులో కట్టేసినట్టు. వదిలెయ్.

మన బోరు నీళ్లు బకెట్టుకు తెల్లగా కడతాయి కదా, ఆ నీళ్లతో పోట్లాడకుండా ఆ నీళ్లకు సరిపోయే చేపలే తెచ్చుకో. ఆఫ్రికాలో మలావి సరస్సు సిక్లిడ్లు ఉన్నాయి, అక్కడి నీళ్ల పీహెచ్ 7.8 నుంచి 8.6 దాకా ఉంటుంది. నాలుగు నుంచి ఆరంగుళాల చేపలు, పసుపు, నీలం, నారింజ, సముద్రపు చేపల్లా ఉంటాయి. ఇంత ట్యాంకులో అరవై, డెబ్బై కలిపి తిరుగుతుంటే నీ అరపైమా గుర్తు కూడా రాదు. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే టీడీఎస్ మీటరుతో ఒకసారి చూసుకో, మరీ చౌడయితే కుళాయి నీళ్లు కలుపు. వాటికి రాళ్ల గుహలు కావాలి, బేతంచర్ల బండల ముక్కలు తెచ్చి పేర్చు, సున్నపురాయి కాబట్టి పీహెచ్ పడిపోకుండా కూడా కాస్తుంది. కింద పలచటి ఫోమ్ షీటు, దానిమీద రాళ్లు, ఆ తర్వాత ఇసుక. ముందు ఇసుక పోసి దానిమీద రాళ్లు పేర్చావంటే ఈ చేపలు తవ్వి కూలదోస్తాయి, తవ్వడంలో వాటిని మించినవి లేవు.

అమ్మ వాస్తు సంగతి ఒక్కటి మిగిలింది. నీళ్లు ఈశాన్యంలో ఉండాలనేగా ఆవిడ అనేది? చాలా ఇళ్లలాగే మీ సంపు కూడా ఆ మూలే ఉంటే పైపు ఖర్చు తగ్గుతుంది, వాదన ఎందుకు, అక్కడే కట్టు. కరెంటు మీటర్లు, ఇన్వర్టర్ ఆ మూలలో ఉంటే మాత్రం ముందు వాటిని మెట్ల పక్కకు మార్పించు, ఆ తర్వాతే మేస్త్రీని పిలువు.